బంగార్రాజు కట్టిన కాలు

కొబ్బరి మట్ట ఊడేముందు పైన చిన్న చప్పుడవుతుంది. కోనసీమలో పుట్టినవాళ్లు ఆ చప్పుడు వినగానే తలెత్తి చూడరు, ముందు పక్కకి గెంతుతారు. సత్యకుమారి పెట్టకి పాపం ఆ తెలివి లేదు. భాద్రపదంలో మూడు రోజుల ముసురు పట్టి, కాస్త తెరిపిచ్చిన మధ్యాహ్నం, పెరట్లో వానపాముల కోసం గీరుకుంటోంది. ఎండు మట్ట మొదలు సరిగ్గా దాని కుడికాలి మీద పడింది. పాదానికి రెండంగుళాల పైన ఎముక విరిగి, కాలు పక్కకి వేలాడిపోయింది.

ఎర్రపెట్ట. ముసలిది. గుడ్డు పెట్టడం మానేసి ఏడాది దాటింది. సత్యకుమారి ఎక్కడ కూర్చుంటే అక్కడికొచ్చి ఆవిడ చీర కుచ్చెళ్ల పక్కన సర్దుకుని పడుకోవడం తప్ప దానికి వేరే ఉద్యోగం లేదు.

దడి అవతల నుంచి పక్కింటి వెంకటరత్నం తొంగిచూశాడు. "ఇంకేముంది బావగారూ, మసాలా నూరించెయ్యండి."

"మొన్న మీ నడుం పట్టేసినప్పుడు వదిన ఏం నూరిందో కనుక్కుని చెప్పండి అన్నయ్యగారూ, నేనూ అదే నూరతాను" అంది సత్యకుమారి, పెట్టని ఒళ్లోంచి దించకుండానే.

అరుగు మీద కూర్చున్న ఆవిడ భర్త బంగార్రాజు నవ్వలేదు. ఆ కాలునే చూస్తున్నాడు. కోడికాలు ఆయనకి తెలిసినట్టు ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలీదు. ముప్పయ్యయిదేళ్లు పందెం పుంజుల కాళ్లకి కత్తులు కట్టినవాడు. అటు యానాం నుంచి ఇటు తణుకు చెరుకు తోటల దాకా ఎక్కడ బరి గీసినా, ఎంత పెద్దవాళ్ల పుంజైనా, బంగార్రాజు కడితేగానీ దింపేవాళ్లు కాదు. తొడుగు గుడ్డ చుట్టి, కత్తి ఆనించి, మైనం రాసిన దారం బిగిస్తే ఇక అది కాలిలో మొలిచినట్టే. కంట్లో శుక్లాలొచ్చాక, నాలుగేళ్ల కిందట మానేశాడు.

ఆ ముప్పయ్యయిదేళ్లలో సత్యకుమారి నూకలు చల్లి పెంచిన పుంజు ఏదైనా సరే, ఈడుకి రాగానే ఆయన చంకలో బయటికెళ్లేది. తిరిగొచ్చేటప్పుడు సంచిలో వచ్చేది. కొన్నాళ్లకి ఆవిడ పుంజుల్ని పెంచడం మానేసి పెట్టల్ని మాత్రం ఉంచుకుంది. గొడవ పడలేదు, ఏడవలేదు. కానీ ఆయన పెరట్లోకొస్తే చాలు, కోళ్లకీ ఆయనకీ మధ్య వచ్చి నిలబడేది. మానేసిన తర్వాత కూడా అలాగే నిలబడుతోంది. అది ఆయన చూస్తూనే ఉన్నాడు.

"దీన్ని నాకొదిలెయ్యవే" అన్నాడు. "పదిహేను రోజుల్లో నడిపించి నీ చేతికిస్తాను."

ఆవిడ చాలాసేపు ఆయన చేతుల్నే చూసింది. "సరే. నడవాలి మరి" అని పెట్టని ఆయన ఒళ్లో పెట్టింది. పెళ్లయిన నలభై ఆరేళ్లలో తన కోడిని తనంతట తాను ఆయన చేతికివ్వడం అదే మొదలు.

వెదురు బద్దలు నాలుగు సన్నగా చెక్కాడు. పసుపూ మినప్పిండీ కలిపి పట్టించి, దూది పరిచి, ఎముక సరిచేసి బద్దలు ఆనించాడు. అటక మీంచి పాత రేకు డబ్బా దింపించి మైనం దారం తీశాడు.

ఈ డెల్టాలో ఎన్ని రకాల ముడులున్నాయో లెక్క తేల్చినవాళ్లు లేరు. రేవులో పడవవాడు వేసే ముడి ఒక్క లాగుకి ఊడుతుంది, లేకపోతే వరద పెరిగినప్పుడు పడవ గుంజతోపాటు మునుగుతుంది. కల్లుగీతవాడి మోకు చెట్టెక్కినంతసేపే ముడి, దిగితే తాడు. పూలమ్మే ఆవిడ ముడి మొగ్గ తొడిమని పట్టుకుంటుందే తప్ప నొక్కదు. విప్పే చెయ్యి ఒకటి తర్వాత వస్తుందని తెలిసి వేసినవే అవన్నీ. బంగార్రాజు ముడి అలాంటిది కాదు. అది పావుగంట నిలిస్తే చాలు, కానీ ఆ పావుగంటలో వెంట్రుకవాసి కదలకూడదు. తర్వాత దాన్ని ఎవరో బ్లేడుతో తెంపుతారు. విప్పాల్సిన ముడి ఆయన జన్మలో వెయ్యలేదు.

రెండో రోజు గేదెలకి టీకాలు వెయ్యడానికొచ్చిన హేమశ్రీ, పెట్టని మూసిపెట్టిన గంప ఎత్తి చూసింది. ఊరి సచివాలయంలో పశువుల విభాగం చూసే పిల్ల.

"బాగా బిగిసినట్టుంది తాతగారూ. రోజూ దాని వేళ్లు ముట్టుకుని చూడండి, వెచ్చగా ఉండాలి."

"నా కట్టు జారిందని ఒక్కణ్ణి చెప్పమను అమ్మాయ్."

"జారదనేనండి నా భయం" అని నవ్వి, పక్కింటి గేదె దగ్గరికి వెళ్లిపోయింది.

ఆయన ముట్టుకునే చూశాడు. కానీ ముప్పయ్యయిదేళ్ల దారం ఒరుపుకి ఆ వేళ్ల కొసలు కాయలు కాచిపోయాయి. కాఫీ గ్లాసు వేడి కూడా ఆయనకి అరచేతికి తాకితేగానీ తెలీదు. వెచ్చగానే ఉందనుకున్నాడు.

మళ్లీ ముసురు పట్టింది. గంప కింద పెట్ట రోజంతా కట్టుని పొడుచుకుంటూనే ఉంది. టక్, టక్, టక్. వంటింట్లో ఉన్న సత్యకుమారికి ఆ చప్పుడు చూరునీళ్ల చప్పుడులో కలవకుండా విడిగా వినిపించేది. మూడో రోజూ అంతే. నాలుగో రోజు పొద్దున్న ఆగిపోయింది.

"చూశావా, అలవాటు పడింది" అన్నాడు బంగార్రాజు సంబరంగా.

"నూకలు కూడా ముట్టట్లేదండి."

"ముసురుకి."

"ఆ కాలి రంగేంటండి, నేరేడుపండులా?"

"కమిలిన చోట పసుపు పడితే అలాగే ఉంటుందిలే."

ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. వంటింట్లో గిన్నెలు సర్దుతూ మధ్యమధ్య ఆగి, పెరటివైపు చెవి పెట్టేది. వాన తప్ప ఏమీ వినపడేది కాదు.

ఆరో రోజు పొద్దున్న గోడ బీటలోంచి ఎర్రచీమలు బారుగా బయల్దేరాయి. తడి అరుగు మీదుగా, ఎక్కడా పక్కకి తొలగకుండా, తిన్నగా గంప కిందికి వెళ్తున్నాయి. బంగార్రాజు గంప ఎత్తాడు. కట్టు కింద పాదం నల్లగా, ముడుచుకుపోయి ఉంది. వేళ్ల సందుల్లో చీమలు. పెట్ట వాటిని పొడవట్లేదు. ఆ కాలు తనది కానట్టు తల అటు తిప్పుకుని ఉంది.

ముడి కొస కోసం వెతికాడు. దొరకలేదు. దారం తోలులోకి దిగిపోయింది. కత్తెర పట్టుకున్నాడుగానీ, దారమేదో తోలేదో ఆయన కంటికి ఆనలేదు. సత్యకుమారి ఫోన్ తీసి హేమశ్రీకి చేసింది.

ఆ పిల్ల వచ్చి దారం తెంపింది. సూదితో పాదాన్ని గుచ్చింది. కదల్లేదు. కాలు పైదాకా తడిమిచూసింది.

"ఎముక కుదురుకుంటోంది తాతగారూ. బద్దలు తిన్నగా పెట్టారు. కిందికి రక్తమే పోలేదు."

చచ్చిన భాగం తీసేసింది. ఇంజెక్షన్ చేసింది. గోడ గూట్లో ఉన్న నీలం పెన్ను అడిగి తీసుకుని, మిగిలిన కాలి మీద చుట్టూ గీత గీసింది.

"నలుపు ఈ గీత దాటకపోతే ఒంటికాలితో బతుకుతుందండి. దాటితే ఇంక ఆశ పెట్టుకోకండి. రెండు రోజులు చూడండి."

సత్యకుమారి ఆయన్ని ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేదనిపించింది ఆయనకి. ఆ రోజు పదిసార్లు గంప ఎత్తి చూశాడు. కంటికి దగ్గరగా పెట్టుకుని, వెలుతురు వైపు తిప్పి. నలుపు గీతకి ఇవతలే ఉంది. సాయంత్రం పెట్ట ఆవిడ చేతిలో నాలుగు నూకలు తింది. "తిందండీ" అంది ఆవిడ, ఎవరితోనో అన్నట్టు.

మర్నాడు పొద్దున్న ఆవిడ పాలకేంద్రానికి వెళ్లింది. ఆయన గంప ఎత్తాడు. నలుపు గీత దాటి అరంగుళం పైకెక్కింది.

లేచి గూట్లోంచి పెన్ను తెచ్చాడు. బొటనవేలు నాలికతో తడిపి, పాత గీతని నెమ్మదిగా రుద్దాడు. అది చెదిరింది. పెన్ను మూత తీసి, కొస నలుపుకి పైన ఆనించబోయాడు. పెట్ట కళ్లు మూసుకుని ఉంది. ఆయన చేతిలో దాని ఒళ్లు కాలిపోతోంది. ఆ వేడి అరచేతికి తెలుస్తూనే ఉంది.

గేటు చప్పుడైంది. పాల క్యాన్ మెట్టు మీద పెట్టి, తడి గొడుగు ముడుస్తూ అడిగింది సత్యకుమారి. "ఎలా ఉందండీ?"

బాగుంది అనడానికి నోరు తెరిచాడు.

"గీత చెరిపేశానే" అన్నాడు.

"ఎందుకూ?"

"దాటేసింది."

ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. నీలం అంటిన ఆయన బొటనవేలు చూసింది, పెన్ను చూసింది. పెన్ను తీసుకుని మూత పెట్టి పక్కన పడేసింది. పెట్టని రెండు చేతులతో ఎత్తి తన ఒళ్లో సర్దుకుంది.

"నీళ్లు తీసుకురండి" అంది.

చిన్న గిన్నెతో తెచ్చాడు. గిన్నె పట్టుకోమన్నట్టు ఆవిడ కళ్లతోనే చెప్పింది. పట్టుకున్నాడు. పెట్ట ముక్కు నీళ్లకి ఆనింది. మింగడానికి తల ఎత్తలేదు.