కుక్కలకా, మనుషులకా

పోయిన మంగళవారం పొద్దున్న నేను ఆఫీసు బస్సు కోసం నిలబడి ఉండగా మా పక్కింటి కాంపౌండర్ గారి కోడలు ఫోన్ చేసింది. "మా మామ పోయిండు అక్కా, నిద్రలనే" అంది.

పాఠకులు నన్ను మన్నించాలి. అది విన్న మరుక్షణం నాకు దుఃఖం రాలేదు. భయం వేసింది. ఇక మా గల్లీ కుక్కలకు సూదులు ఎవరు వేస్తారని. ముందు నా కూతురు గుర్తొచ్చింది, తర్వాత కుక్కలు గుర్తొచ్చాయి, ఆ తర్వాతే ఆయన. ఈ వరస చెబితే ఆయన నవ్వేవారు.

మేము శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి చిలకలగూడలో అద్దెకు దిగిన రోజుల్లో ఊళ్లో సగం మంది కంప్యూటర్ కోర్సులు నేర్చుకుంటున్నారు, మిగతా సగం నేర్పుతున్నారు. నాకూ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం దొరికింది. పక్కిల్లు ఆయనది. పశువుల దవాఖానలో కాంపౌండర్‌గా చేసి రిటైరయ్యారు. ప్రతి ఆదివారం భుజానికి ఐసు నింపిన ఫ్లాస్కు తగిలించుకుని, గల్లీ గల్లీ తిరిగి వీధికుక్కలకు రేబిస్ రాకుండా సూదులు వేసేవారు. మందు తన పింఛనుతోనే కొనేవారు. అందరూ ఆయన్ని కుక్కల సాబ్ అనేవారు.

మసీదు దగ్గరి స్నేహితులు కూడా ఆటపట్టించేవారు, ఎందుకంటే కుక్క చొంగ అంటిన బట్టలు నమాజుకు పనికిరావు. అందుకని ఈ పనికి వేరే చొక్కా, వేరే లుంగీ పెట్టుకున్నారు. అవి ఇంట్లోకి వచ్చేవి కావు, గేటు పక్కన మేకుకే వేలాడేవి. పని అయ్యాక బయటే బకెట్టు నీళ్లతో స్నానం చేసి, బట్టలు మార్చుకుని లోపలికి వెళ్లేవారు. చలికాలమైనా అంతే. ఎందుకండీ ఈ అవస్థ అంటే, "నాపాకైతే, మైలైతే, నీళ్లతోని పోతది బిడ్డా" అనేవారు.

మా కంపెనీలో ఏటా ఒక పద్ధతి ఉండేది. ఒక్కో టీము ఒక మంచి పనిని ఎంచుకుని చందా వేసుకుంటే, కంపెనీ అంతకు అంత కలిపి పంపిస్తుంది. ఒక్క పనికే, రెండు కుదరవు. ఈ సంగతి మా అత్తగారు గోడ మీద నుంచి ఆయనకు చెప్పేశారు. ఆ సాయంత్రమే వచ్చి గుమ్మం బయటే నిలబడ్డారు. "జెర మా కుక్కల సూదులకు అడుగు బిడ్డా. కొత్త అపార్ట్‌మెంట్లు లేస్తున్నయ్, చెత్త పెరిగింది, కుక్కలు సుత పెరిగినయ్. నా పింఛన్ సాల్తలేదు" అన్నారు. తప్పకుండా అడుగుతానన్నాను.

మీటింగులో చివరికి రెండు మిగిలాయి: నేను చెప్పిన కుక్కల సూదులు, సర్కారు దవాఖానలో పిల్లల వార్డుకు మంచాలు. "మనుషులకే దిక్కు లేదు, కుక్కలకెందుకండీ?" అన్నారెవరో. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చేతులెత్తమంటే చెరిసగం వచ్చి నా చెయ్యి ఒక్కటి మిగిలింది. కుక్కల మనిషి అనిపించుకోవడం నామోషీ అనిపించింది. మంచాలకే ఎత్తాను.

చందా మంచాలకు వెళ్లిపోయిందని చెబితే ఆయన, "పిల్లల మంచాలకా? మంచిదే గదా, గవి సుత కావాలె" అన్నారు. నేనే, ఎంతైనా పిల్లలు పిల్లలే కదా అనుకుంటూ రెండు రోజులు గొప్పగా తిరిగాను.

ఆ ఏడు ఆయన మందు సగం గల్లీలకే వచ్చింది. బడిపిల్లలు నడిచే గల్లీలు ముందు చేశారు. సొంత గల్లీ ముందు చేసుకుంటే నలుగురూ ఏమనుకుంటారోనని మా గల్లీని ఆఖరున పెట్టుకున్నారు. అది అలాగే మిగిలిపోయింది.

వానలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం, ఆరేళ్ల మా అమ్మాయి పిక్క పట్టుకుని ఏడుస్తూ వచ్చింది. టీ హోటల్ ముందు పడుకునే గోధుమరంగు కుక్క కరిచింది. రెండు పళ్లు దిగాయి. "కారం పెట్టీమ్మా, విషం లాగేస్తాది" అంటూ మా అత్తగారు డబ్బా తెచ్చారు. నేను పెట్టాను కూడా, ఇంజనీరింగ్ చదివిన దాన్ని. పిల్ల కేకకు కాంపౌండర్ గారు చెప్పులైనా లేకుండా వచ్చారు. "కారం పెట్టిన్రా? కడుగు, ముందు కడుగు" అంటూ పిల్లను కుళాయి కింద కూర్చోబెట్టి, గడియారం చూసుకుని మరీ పావుగంట సబ్బుతో కడిగారు.

అప్పటికే గల్లీలో కర్రలు లేచాయి. ఆయన గొంతు పెంచడం ఆ ఒక్కసారే విన్నాను. "సంపకుండ్రి. పది దినాలు కట్టేసి చూడాలె. గది బతికుంటే బిడ్డకు ఫికర్ లేదు. సంపితే మనకేం తెల్వది." కుక్కను తన గేటు లోపలే కట్టేయించి, మమ్మల్ని ఆటో ఎక్కించి దవాఖానకు పంపారు.

ఆ దవాఖానలో ఒక్కో మంచం మీద ఇద్దరేసి పిల్లలు పడుకుని ఉన్నారు. వాళ్లను చూస్తే నేను చెయ్యెత్తింది తప్పు కాదనిపించింది. నా పిల్లకు సూది దించుతుంటే తప్పే అనిపించింది. ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

సూదులు వేశాం కదా, ఏం కాదు అన్నారు డాక్టరు. నాకా మాట తలకెక్కలేదు. పిచ్చెక్కిన కుక్క నీళ్లు తాగదని ఎవరో చెప్పగా విన్నాను. రోజూ లేస్తూనే గోడ దగ్గరికి వెళ్లేదాన్ని. ఆయన "నీళ్లు తాగింది బిడ్డా" అన్నాకే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. మూడో రోజు మా అమ్మాయి పాలు వద్దని గ్లాసు తోసేసింది. రోజూ తోసేసేదే. ఆ రోజు మాత్రం కుక్క నీళ్లు తాగిందో లేదో మళ్లీ అడగడానికి గోడ దగ్గరికి పరుగెత్తాను.

నాలుగో రోజు ఉండబట్టలేక చెప్పేశాను. "కుక్కలకు వద్దని చెయ్యెత్తింది నేనేనండీ. మీకు మాటిచ్చి కూడా."

ఆయన కుక్క ముందుకు నీళ్ల గిన్నెను పొడుగాటి కర్రతో తోస్తున్నారు. దగ్గరికి పోవడం లేదు. చొక్కా వీపంతా చెమటతో తడిసి ఉంది. అన్నేళ్లూ పక్కింట్లో ఉండి నేనది చూడలేదు.

"మీకు కుక్కలంటే భయమా?" అన్నాను.

"మస్తు భయం. చిన్నప్పటి సంది."

గిన్నె దానికి అందేదాకా తోసి చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మౌలాలి అవతల నుంచి ఒక తల్లి కొడుకును చంకనేసుకుని పశువుల దవాఖానకు వచ్చిందట. కరిచింది కుక్క కాబట్టి కుక్కల దవాఖానకే పోవాలనుకుంది ఆ తల్లి. ఈయన నవ్వి, గాయానికి కట్టుకట్టి, పెద్ద దవాఖానకు పొమ్మన్నారు. వెంట వెళ్లలేదు. కట్టు కట్టారు కదా, అయిపోయిందనుకుని ఆమె ఇంటికి వెళ్లిపోయింది. నెల తర్వాత మళ్లీ అదే పిల్లాడితో వచ్చింది.

"నీళ్ల గ్లాసు జూసి జడుసుకున్నడు బిడ్డా. గుక్కెడు నీళ్లకు. నేనే ఇయ్యబోయిన" అన్నారు. కర్రను గోడకు ఆనించి, "కుక్కల మీద ప్రేమతోని తిరుగుతున్ననుకుంటరు అందరు. నాకు గవి జూస్తేనే పానం పోతది. నువ్వు మంచాలకిచ్చినవ్, తప్పేంది? ఆ మంచం మీదికి ఒక్క పిలగాడన్న తక్కువ రావాలని నేను గిట్ల తిరుగుత. భయపడు, ఏం కాదు. గని పని ఆపకు" అన్నారు.

పదో రోజు కుక్క లేచి తోకాడించింది. ఆయన దానికి సూది వేసి వదిలేసి, బకెట్టు దగ్గర చాలాసేపు స్నానం చేశారు. నేను తలుపు వేసుకుని ఏడ్చాను.

మరుసటి ఏడు మీటింగులో కుక్కలకే చెయ్యెత్తి ఓడిపోయాను. చందా చూపు లేని పిల్లల బడికి వెళ్లింది. దాన్ని మాత్రం ఎలా కాదంటాను? అప్పటి నుంచి నా జీతంలోంచి మందుకు ఇస్తూ వచ్చాను. ఇవ్వడం తేలికే. వచ్చి కుక్కను పట్టుకోమంటే మాత్రం ఏదో ఒక పని చెప్పి తప్పించుకునేదాన్ని. ఆయన నొచ్చుకునేవారు కాదు, నా భయం ఆయనకు తెలుసు.

మొన్న ఆదివారం కోడలు, ఆయన ఫ్రిజ్‌లో మిగిలిన మందు సీసాలు ఐసులో పెట్టి తెచ్చింది. పశువుల దవాఖాన నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. సూది నేను వేస్తాను, పట్టుకునేవాళ్లు కావాలి అంది. గల్లీలో అందరూ గేట్ల వెనకాలే నిలబడ్డారు. నేనూ అంతే. ఇప్పుడు కాలేజీకి వెళ్తున్న మా అమ్మాయి నన్ను దాటుకుని వెళ్లి ఒక నల్లకుక్క మెడ పట్టుకుంది. వద్దన్న మాట నా నోటిదాకా వచ్చింది.

"అమ్మా, వెనక్కాళ్లు పట్టుకో, జారిపోతోంది" అంది.

వెళ్లాను. మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ వేసి అదిమి పట్టుకున్నాను. కుక్క ఒళ్లంతా వణుకుతోంది. నేనూ వణుకుతున్నాను. ఆ వణుకులో దానిదెంతో, నాదెంతో తెలియలేదు.