కూతకు ముందు టక్

అత్తగారు వినికిడి పరీక్షలో నెగ్గిన రోజున ఇంట్లో కోడలు ఓడిపోయింది.

నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో ఒకటే తగువు. "నోట్లో నోట్లోనే గొణుగుతావు, ఎవరికర్థమవుతుంది?" అని అత్తగారు. "నేను సరిగ్గానే మాట్లాడుతున్నాను అత్తయ్యా, మీకే వినబడటం లేదు" అని కోడలు. కోడలు అత్తను కన్నతల్లిలా చూసుకోవాలని బోధించేవాళ్ళు ఆ ఇంటి టీవీ మోతలో ఓ గంట కూర్చుని చూడాలి.

అత్తగారు ముప్ఫయ్యొక్క ఏళ్ళు నేతమిల్లులో మగ్గాల మధ్య నిలబడి పనిచేసిన మనిషి. అలాంటి చోట చెవికి ముందుగా దూరమయ్యేవి సన్నటి ధ్వనులని కోడలికి తెలుసు. ఆమె ఉద్యోగమే అది. వినికిడి పరీక్ష చేసే కంప్యూటర్ ప్రోగ్రాంలో, ధ్వనిని వినిపించే భాగం మొత్తం ఆమె రాసిందే. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే చెవిలో ఒక్కో కూత వస్తుంది. వినబడితే బటన్ నొక్కాలి. ఆ ప్రోగ్రాంని ఓ క్లినిక్‌లో ఆరు వారాలుగా వాడి చూస్తున్నారు. తగువు తేలిపోతుందని అత్తగారిని అక్కడికే తీసుకెళ్ళింది.

తేలింది. "వినికిడి మామూలుగా ఉంది" అని కాగితం వచ్చింది. అత్తగారు దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది.

"నేను చెబితే నమ్మవు సరే, నీ ప్రోగ్రామే చెప్పిందిగా!"

"నన్ను సాక్ష్యానికి పిలవకండి," అని కొడుకు టీవీ వైపు తిరిగి కూర్చున్నాడు.

మూడు రోజుల తర్వాత పక్కింటావిడ వచ్చింది. కోడలు ఉతికిన బట్టలు మడతపెడుతోంది. అత్తగారు తన విజయాన్ని వివరిస్తోంది.

"కష్టమేం లేదు వదినా. చెవిలో ఎవరో గోటితో కొట్టినట్టు టక్‌మంటుంది. అన్నప్పుడల్లా నొక్కడమే."

కోడలి చేతిలో చొక్కా సగం మడతలో ఆగింది.

"టక్ తర్వాత ఏం వినబడింది అత్తయ్యా?"

"ఏంటీ?"

"టక్ తర్వాత!"

"తర్వాతేముంటుంది? కాసేపాగి ఇంకో టక్."

నిజం చెప్పాలంటే కోడలికి మొదట కలిగింది సంతోషం. గొణుగుడు నింద తప్పిందని. తప్పు తన కోడ్‌లో ఉందన్న సంగతి ఆ తర్వాత తట్టింది.

మర్నాడు ఆఫీసులో ఆ కూత తాలూకు గీతను తెరమీద పెద్దది చేసి చూసింది. మెల్లగా లేవాల్సిన ధ్వని గోడలా నిలబడి ఉంది. అలా ఉన్నట్టుండి మొదలైతే కూతకు ముందు ఓ కుదుపు పుడుతుంది. ఆ కుదుపే టక్. మంచి చెవులవాళ్ళకు అది కూతలో కలిసిపోతుంది. కూత వినబడనివాళ్ళకు టక్ ఒక్కటే మిగులుతుంది, దానికే బటన్ నొక్కుతారు. ఆఫీసులో ఈ ప్రోగ్రాంని సరిచూసినవన్నీ పాతికేళ్ళ చెవులు. ఆమెవీ అంతే. ఎవరికీ అనుమానం రాలేదు.

కూత సెకనులో యాభయ్యో వంతు సేపు మెల్లగా లేచి, మెల్లగా దిగేలా మార్చింది. మొత్తం పన్నెండు లైన్లు. కప్పులో టీ ఇంకా వేడిగానే ఉంది. కష్టం అంతా ఆ తర్వాతే.

"చిన్న బగ్. వచ్చే వెర్షన్‌లో కలిపేద్దాం. ఎవరికీ చెప్పక్కర్లేదు," అన్నాడు టీమ్ లీడ్.

"అరవై మూడు మందికి పరీక్ష చేశాం సార్."

"అందరి కాగితాలూ తప్పని నీకెలా తెలుసు?"

"తెలీదు. అందుకే మళ్ళీ పిలవాలి."

"క్లినిక్‌వాళ్ళు ఇంకోసారి మన మొహం చూస్తారా?"

"చూడకపోవచ్చు. డాక్టర్ గారికి నేనే ఫోన్ చేస్తాను. రాసింది నేనేగా."

ఆయన కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. "చెయ్యి. మెయిల్ కూడా పెట్టు. నన్ను మాత్రం అందులో ఇరికించకు."

డాక్టర్ అంతా విని కోప్పడలేదు. ఒక్కటే అడిగింది: "బాగైందని ఇప్పుడెవరు చూశారు? మళ్ళీ మీ పాతికేళ్ళ చెవులేనా?"

సమాధానం ఇంట్లోనే ఉంది. దాన్ని ఒప్పించాలి.

"అంటే నా కాగితం చెల్లదా?" అంది అత్తగారు.

"చెల్లదు. తప్పు నాది. పట్టుకున్నది మీరు."

"నీ ప్రోగ్రాం తప్పైతే నా చెవులెందుకు తప్పవుతాయి?"

"అవుతాయనడం లేదు. రండి, చూద్దాం."

క్లినిక్‌లో పరీక్ష గది అద్దం వెనక నుంచి కోడలు చూస్తోంది. అత్తగారు బొటనవేలు బటన్ మీద ఉంచి, మగ్గం మీద దారం ఎప్పుడు తెగుతుందోనని కాచుకున్నట్టు కూర్చుంది. సన్నటి కూత మొదలైంది. వేలు కదల్లేదు. ఇంకాస్త పెంచారు. కదల్లేదు. తన నాలుగేళ్ళ వాదన కళ్ళముందే గెలుస్తుంటే కోడలికి గదిలోంచి బయటికి పోవాలనిపించింది. ఇంకా పెంచారు. ఉన్నట్టుండి వేలు బటన్ నొక్కింది.

"కూ అంటోంది!" అని అరిచింది అత్తగారు, గది అదిరేలా.

మిగతా అరవై రెండు మందికి క్లినిక్ నుంచి ఫోన్లు వెళ్ళడం ఆ మధ్యాహ్నమే మొదలైంది.

తిరుగు బస్సులో అత్తగారు కిటికీ పక్కన కూర్చుంది. చెవి మిషన్ కొలతల కాగితం ఒళ్ళో ఉంది.

"అయితే నువ్వు గొణగవన్నమాట."

కోడలు ఆలోచించింది. "కొంచెం గొణుగుతానులెండి."

"ఏంటీ?"

కోడలు ఆవిడ వైపు పూర్తిగా తిరిగి, పెదాలు కనబడేలా, మళ్ళీ చెప్పింది.