మడమ బయటే పడింది

పోయిన ఆదివారం మార్కాపురంలో మా పెద్దమ్మాయి ఇంట్లో మధ్యాహ్నం భోంచేసి టీవీలో కబడ్డీ చూస్తూ కూర్చున్నాను. ఆట మంచి జోరు మీద ఉండగా ఒక పట్టులో ఆటగాళ్లంతా కలిసి గీత మీదికి దొర్లారు, వాళ్లలో ఎవరిదో మోకాలు పక్కన నిలబడ్డ అంపైర్ చెంపకు తగిలింది. ఆయన కింద పడలేదు, ఒక అడుగు తూలాడు, అంతే. వెంటనే ఆట ఆపేశారు, డాక్టరు పరుగున వచ్చి కళ్లలోకి చిన్న లైటు వేసి చూశాడు, ఏవో రెండు మాటలు అడిగాడు, భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకుపోయాడు, ఆయన చోట్లో ఇంకొక అంపైర్ వచ్చి నిలబడ్డాడు. మా అల్లుడు నవ్వి, "ఏంది మామా, ఇంత దానికే మనిషిని మార్చేసినారు? మన పక్కయితే ఒక సోడా తాపి నిలబెడతారు గదా" అన్నాడు. నేను టీ గ్లాసు కింద పెట్టి, చెప్పులేసుకుని వచ్చేశాను. చక్కెర తక్కువైందనుకుని మా అమ్మాయి గుమ్మం దాకా వచ్చింది. తక్కువైంది చక్కెర కాదు. నా తలకు ఏమైందో ఆ ఇంట్లో అందరూ మరిచిపోయారు, నేను మరవలేదు. నేను పడ్డ మాట ఏదీ మరవను, అదే నా మీద అందరికీ ఉన్న ఫిర్యాదు.

నేను దర్జీని. గిద్దలూరు బజారులో నాకు చిన్న దుకాణం ఉండేది. వయసులో ఉన్నప్పుడు కబడ్డీ ఆడాను, మోకాలు పోయాక అంపైర్‌నయ్యాను. ఆ రోజుల్లో తిరునాళ్ల వస్తే ఏ ఊళ్లోనైనా ఎడ్ల పందెం, దాని పక్కనే కబడ్డీ ఉండేవి, మీలో నా ఈడు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఊరికీ ఊరికీ మధ్య పంతం ఉన్న చోట అంపైర్ ఎవరి మనిషీ కాకూడదు. రైతుల కులాల్లో ఎవర్ని పిలిచినా రెండో ఊరి వాళ్లు ఏదో ఒక చుట్టరికం తవ్వి తీసేవాళ్లు. అందుకని టౌనులో ఉండే సాయిబు, పొలం లేని వాడు, ఏ ఊరి పెళ్లిలోనూ బంధువుల పంక్తిలో కూర్చోని వాడు కావలసి వచ్చేది, అంటే నేను. నా తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా నేనే కుట్టుకున్నాను, విజిల్‌కు నల్ల తాడు కూడా నా దుకాణంలోదే. ఆట అయ్యాక ఒక కండువా కప్పి, ఒక కొబ్బరికాయ ఇచ్చి భోజనం పెట్టేవాళ్లు. అంతకు మించి నేనూ ఆశించలేదు.

ఒక్క ఆచారం మాత్రం చెప్పాలి, ఎందుకంటే నా బతుకు దాని మీదనే తిరిగింది. ఆట మధ్యలో అంపైర్ పడిపోతే జనం లేచిపోతారు, రెండు ఊళ్ల వాళ్లూ ఒకరి మీదికొకరు వస్తారు. అందుకని పడిన వాడిని లేపి, మొహాన నీళ్లు కొట్టి, సోడా తాపి, తలకు తువ్వాలు బిగించి, విజిల్ నోట్లో పెట్టేవాళ్లు. అది మోగితే ఆట ఉన్నట్టు, అంపైర్ బాగున్నట్టు. ఆ కూత వినపడగానే జనం ఈలలు వేసి మళ్లీ కూర్చునేవాళ్లు. తలకు దెబ్బ తగిలిన మనిషికి లేచి నిలబడి ఊదడమే వైద్యమని మా వైపు ఊరూరా నమ్మినారు, నేనూ నమ్మాను.

మొదటిసారి కొమరోలు అవతల ఒక ఊళ్లో. పట్టిన నలుగురూ, పట్టుబడిన వాడూ కలిసి నా మీద పడ్డారు, నా తల వెనక భాగం గట్టి నేలకు కొట్టుకుంది. లేపారు. "ఊదు బాబాయ్, ఊదు, జనం చూస్తాండారు" అని ఎవరో చెవిలో అరిచారు. ఊదాను. చప్పట్లు కొట్టారు, నాకు గర్వంగానే అనిపించింది. ఆ తర్వాత ఆట ఎట్లా ముగిసిందో, బస్సు ఎట్లా ఎక్కానో ఈ రోజుకీ నాకు తెలియదు. ఇంటికొచ్చాక దుకాణానికి తాళం వేశానా, దుకాణానికి తాళం వేశానా అని అడుగుతూనే ఉన్నానని మా ఆవిడ చెప్పింది. రెండోసారి దోర్నాల దగ్గర, శ్రీశైలం పోయే యాత్రికులు కూడా బస్సులు దిగి చూస్తున్న ఆటలో, ఒక మోచెయ్యి కణతకు తగిలింది. హోటల్ వెనక్కి పోయి కక్కుకున్నాను. ఎండదెబ్బ అన్నారు, మజ్జిగ ఇచ్చారు, మళ్లీ విజిల్ నోట్లో పెట్టారు. నేను మళ్లీ ఊదాను. ఆ రెండు సార్లూ మర్నాడే మిషను ముందు కూర్చున్నాను. మనిషికి రక్తం కారకపోతే, మా వైపు, అది దెబ్బ కాదు.

మూడోది మార్కాపురం పక్కనే పలకరాళ్ల గనులున్న ఊళ్లో. ఆ ఊరి కోర్టు చుట్టూ జనం కూర్చోవడానికి పలకరాళ్ల బండలు పరిచేవాళ్లు, పాయింట్లు కూడా ఒక పెద్ద పలక మీద సుద్దతో రాసేవాళ్లు. ఫైనలు ఆ ఊరికీ, ముండ్లమూరు నుంచి లారీలో వచ్చిన జట్టుకూ. ఆట చివరికొచ్చింది, ఇద్దరివీ సమానంగా ఉన్నాయి. ఆతిథ్యమిచ్చే ఊరి కూతగాడు, మంచి ఆటగాడు, కాదనను, నా పక్కగా వెనక్కి జరిగాడు. ఎవరూ వాడిని ముట్టలేదు, నెట్టలేదు. వాడి ఎడమ మడమ సున్నపు గీత దాటి బయట మట్టిలో పడింది. నేను రెండు అడుగుల దూరంలో ఉన్నాను. విజిల్ ఊది, చెయ్యెత్తి అవుటిచ్చాను. పలక మీద పాయింటు కూడా వేశారు. తర్వాతి కూతలోనే గొలుసుగా పట్టిన వాళ్లంతా గీత దాటుకుని వచ్చి పడ్డారు, ఒకడి భుజం నా దవడకు తగిలి, నేను వెనక్కి పోయి బండకు తలకొట్టుకున్నాను.

మామూలుగానే లేపారు. మామూలుగానే విజిల్ నోట్లో పెట్టారు. ఈసారి ఊదలేకపోయాను. పెదాలు కదిలాయి, ఎంగిలి కారింది, కూత రాలేదు. షామియానా కింద పడుకోబెట్టారు. కళ్లు తెరవలేకున్నా చెవులు పనిచేస్తున్నాయి. కమిటీ పెద్దాయన మైకు తీసుకుని, అంపైర్ గారికి పొద్దుటి నుంచీ తల సరిగా లేదనీ, ఆయన ఇచ్చిన చివరి అవుటు చెల్లదనీ చెప్పాడు. పలక మీద ఆ పాయింటును చేత్తో తుడిచేశారట. మిగిలిన ఆటలో ముండ్లమూరు వాళ్లు ఓడిపోయి, లారీ ఎక్కి పోయారట. నేను తల పగలకముందు ఇచ్చిన తీర్పును, తల పగిలిందని చెప్పి కొట్టేశారు. దెబ్బ కంటే నాకు ఆ మాట ఎక్కువ తగిలింది, ఇప్పటికీ అదే చెబుతాను.

ఆ తర్వాత కొన్ని నెలలు నేను మనిషిని కాదు. వెలుతురు చూస్తే కళ్లలో సూదులు గుచ్చినట్టుండేది. లైనింగుకని తెచ్చిన నల్ల గుడ్డను మా ఆవిడ కిటికీకి కట్టింది. ఎవరి ఇంట్లోనో మిషను తొక్కే చప్పుడు వినపడితే తల తిరిగేది, మిషను చప్పుడు మధ్య పుట్టి పెరిగిన వాడికి. కాస్త నయమైందనుకుని దుకాణం తెరిచిన వారమే ఒక టీచరు గారి చొక్కాకు రెండు చేతులూ ఎడమ చేతులే కత్తిరించాను. ఆయన మంచివాడు, నవ్వి ఊరుకున్నాడు. నేను దుకాణం లోపలికి పోయి ఏడ్చాను. చూడడానికి వచ్చిన వాళ్లలో ఒకాయన గుండు కొట్టించి నిమ్మరసం పట్టించమన్నాడు, ఒకామె దర్గా తాయెత్తు తెచ్చింది, కట్టుకున్నాను. పెద్దాయన మాత్రం రాలేదు. టీ కొట్టు దగ్గర నన్ను "తల చెడిన దర్జీ" అన్నాడని తెలిసింది. ఎవరు చెప్పారో, ఏ టీ కొట్టో, అప్పుడు పక్కన ఎవరు నవ్వారో అన్నీ నాకు గుర్తున్నాయి.

ఒంగోలులో ఒక డాక్టరమ్మ, మా అమ్మాయికంటే కొంచెం పెద్దదేమో, అంతా ఓపికగా విన్నది. "మొదటి దెబ్బ తర్వాత ఎన్నాళ్లు పడుకున్నారండీ?" అని అడిగింది. పడుకోవడమేంది, మర్నాడే పనికి పోయినానని చెప్పాను, కొంత గొప్పగానే. పుర్రె లోపల మెదడు అదిరితే బయటికేమీ కనపడదనీ, అది సర్దుకోకముందే ఇంకో దెబ్బ తగిలితే మొదటిదానికంటే చెడ్డదవుతుందనీ, లేపి నిలబెట్టి విజిల్ ఊదించడం వైద్యం కాదు, అన్యాయమనీ చెప్పింది. గీత పక్కన ఇక ఎప్పుడూ నిలబడవద్దన్నది. అన్యాయం అనే మాట నా తరఫున వాడిన మొదటి మనిషి ఆమే.

కందికోతల నాటికి కళ్లు నిలిచాయి, సూదిలో దారం మళ్లీ నా చేత్తో ఎక్కింది. ఆ రోజుల్లోనే ఆ కూతగాడు ప్యాంటు గుడ్డ పట్టుకుని దుకాణానికి వచ్చాడు. కొలతలు తీసుకున్నాను. నడుము కొలిచేటప్పుడు వాడే అన్నాడు, "నీ కాడ దాపరికమెందుకన్నా, ఆ రోజు నా మడమ బయటే పడింది." ఆ మాటే మైకులో చెప్పమన్నాను. "ఇప్పుడెందుకులే అన్నా, అయిపోయిన పెళ్లికి మేళమా" అన్నాడు. నేను గుడ్డ మడిచి వాడి చేతిలో పెట్టాను. కొలత తీసుకున్న గుడ్డను కత్తెర పెట్టకుండా తిప్పి పంపడం మా పనిలో ఎంత పెద్ద మాటో, ఏ దర్జీనైనా అడగండి. బజారులో మిగతా దర్జీలకు కూడా చెప్పాను. వాడు ఆ ప్యాంటు కంభం పోయి కుట్టించుకున్నాడు.

మరుసటి ఏడు గిద్దలూరులో పెద్ద పోటీలు పెట్టారు. మా చుట్టుపట్ల ఏ పోటీకైనా పెద్దగా కూర్చునేది ఆ పెద్దాయనే. నన్ను పిలిచి, కుర్చీ వేసి, కండువా కప్పి, పాత అంపైర్ కాబట్టి మొదటి విజిల్ ఊది ఆట మొదలు పెట్టమన్నారు, అంతటితో నా కథ మర్యాదగా ముగిసిపోతుందనుకున్నారు. బయలుదేరేటప్పుడు మా ఆవిడ మా భాషలో "క్యా జీ, దిమాగ్ హై క్యా నై?" అని, బుర్ర ఉందా లేదా అని అరిచింది, అరుస్తూనే తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది.

జట్లు నిలబడ్డాయి. విజిల్ నా చేతిలో ఉంది. నేను ఊదలేదు. మైకు అడిగి తీసుకుని, అంపైర్ పడిపోతే ఆ రోజుకు ఆయన బయటికి పోవాలి, ఇంకొకరు రావాలి, పడిన వాడి నోట్లో విజిల్ పెట్టకూడదు, పడకముందు ఆయన ఇచ్చిన తీర్పు నిలబడాలి, ఈ నాలుగు మాటలూ కమిటీ చెప్పేదాకా ఊదనన్నాను. పెద్దాయన కుర్చీలోంచే, "ఏంది సాయిబూ, ఆట మొదలుగాక ముందే అలిగినావా?" అన్నాడు. జనం గొల్లుమన్నారు.

"అవును, అలిగినా. పోయినేడు అలిగినా. ఇప్పుడు చెప్తాండా."

ఎండ మండుతోంది. ఆటగాళ్లు కాళ్లు మార్చుకుంటున్నారు. వెనక నుంచి "పిరికోడా" అని ఒకడు, "దుకాణానికి పో" అని ఒకడు. నేను విజిల్ పిడికిట్లో పట్టుకుని నిలబడ్డాను. పడతానేమోనని భయం వేసింది, పడితే మళ్లీ తల చెడిందంటారని. అప్పుడు గీతల దగ్గరున్న ఇద్దరు కుర్ర అంపైర్లూ, ఒకరి మొహం ఒకరు చూసుకుని, మెడలో విజిళ్లు తీసి జేబులో వేసుకుని వచ్చి నా పక్కన నిలబడ్డారు. అందులో ఒకడి కనుబొమ్మ మీద కుట్ల మచ్చ ఉంది. జనం నవ్వడం ఆపారు.

పెద్దాయన లేచి మైకు తీసుకున్నాడు. మొదటి మూడు మాటలూ చెప్పాడు, నాలుగోది గొంతులో మింగాడు. "వినపళ్లేదు పెద్దాయనా" అన్నాను. మళ్లీ చెప్పాడు. "ఇంకొంచెం గట్టిగా" అన్నాను. మూడోసారి చెప్పింది రోడ్డు మీద బస్సులో ఉన్న వాళ్లకు కూడా వినపడింది. అప్పుడు ఊదాను. ఒక్కసారి, పొడుగ్గా. తల లోపల గిర్రుమన్నది, కానీ నిలబడ్డాను. కండువా కుర్చీ మీదే వదిలేసి ఇంటికి నడిచాను.

ఆ నియమం మా పక్క ఊళ్లలో నిలిచింది. ఇప్పటి పిల్లలు అది మొదటి నుంచీ ఉన్నదే అనుకుంటారు, మా అల్లుడేమో అసలు లేదనుకుంటాడు. ఇప్పుడు చాపల మీద ఆడుతున్నారు, లైట్లలో ఆడుతున్నారు, సున్నపు గీతలు లేవు, కూర్చోను పలకరాళ్లు లేవు, పాయింట్లు రాసుకునే పలకలైతే బళ్లలోనే లేవు. మడమ ఎక్కడ పడిందో కెమెరా నాలుగు పక్కల నుంచి తిప్పి చూపిస్తుంది. ఊరూరూ తిరిగి అంపైరింగు చేసే దర్జీ ఇప్పుడెవరికీ అక్కర్లేదు. అయినా ఆ రోజు తుడిచేసిన పాయింటును ఎవరూ తిరిగి రాయలేదు, పెద్దాయన పోయినాడు, కూతగాడు ఇంకా మైకు దగ్గరికి పోలేదు.

నా తలలోంచి చాలా పోయాయి, మా చిన్నమ్మాయి పెళ్లిలో ఏ వంటలు పెట్టామో కూడా ఎవరైనా చెబితేనే తెలుస్తుంది. కానీ ఆ తెల్ల గీత, దాని అవతల తడి మట్టి, అందులో గుండ్రంగా దిగిన ఎడమ మడమ గుర్తు మాత్రం నిన్న చూసినట్టుంది. దాన్ని తిప్పి చూపించే కెమెరా లేదు, నేనున్నాను. మడమ బయటే పడింది.