ఓడలో కిటికీ లేని గది

ఓడ ఎక్కి వచ్చినప్పటి నుంచి బేతంచెర్లలో నేనొక విచారణ కౌంటరునైపోయాను. మా కిరాణా అంగడికి కందిపప్పు కోసం వచ్చినవాళ్ళు పప్పు సంగతి పక్కన పెట్టి, షిప్పులో పోయొచ్చినారంట కదా, ఎట్ల పోవల్లక్కా అని మొదలుపెడతారు. చెప్తాను. చెప్పింది ఒక్కరూ వినరు. యాడికి పోతాది అన్నది ఆ వెంటనే వచ్చే ప్రశ్న. ఎక్కడికీ పోదు నాయనా, చెన్నైలో ఎక్కించుకుని, రెండు రాత్రులు సముద్రంలో తిప్పి, మళ్ళీ చెన్నైలోనే దించుతుంది అంటే వాళ్ళ మొహాలు చూడాలి. మంత్రాలయం పోతే స్వామి దర్శనమైనా అవుతుంది, శ్రీశైలం పోతే పాతాళగంగలో మునకైనా దక్కుతుంది, ఎక్కడికీ పోని దానికి మీరెందుకు పోయినారు అని నన్నే నిలదీస్తారు. వాళ్ళ సొమ్మేదో నేను తిన్నట్టు.

మేము పోయింది మా వదిన కోసం. ఆమె మా ఆయనకు అక్క. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. అప్పటికి మా ఆయన తల్లి లేని పిల్లవాడు. ఆయన్ని సాకింది, చదివించింది, అంగట్లో కూర్చోబెట్టింది, నన్ను వెతికి తెచ్చి ఆయనకు కట్టబెట్టింది కూడా ఆమే. ఆ చివరి పనికి నేనామెను ఇంకా పూర్తిగా క్షమించలేదు. అంగడి వెనక వంటిల్లే ఆమె లోకం. ఏ డబ్బాలో ఏముందో, ఏ గడప ఎంత ఎత్తో చీకట్లో అడిగినా చెప్పగలదు.

చక్కెర జబ్బు ఆమె కుడికన్ను ముందే తీసేసుకుంది. రెండోది కూడా మసకబారుతోందని పోయిన దసరా ముందు కర్నూలులో కంటి డాక్టరు చెప్పాడు. ఆమెకు చూడాలని ఉన్నవేమైనా ఉంటే ఆలస్యం చేయకుండా చూపించమన్నాడు. తిరిగి వస్తుంటే కారులో మా ఆయన, ఏం చూడాలని ఉంది అక్కా అని అడిగాడు. ఆమె క్షణం కూడా ఆలోచించలేదు.

"సముద్రం నాయనా. అవతలి గట్టు కనపడని నీళ్ళు ఎట్లుంటాయో చూడల్ల."

మామూలు మనిషైతే ఏం చేస్తాడు? తెల్లారేసరికి కారు మాట్లాడుకుని నెల్లూరు పక్క ఏ మైపాడు తీరానికో తీసుకుపోయి చూపించి, సాయంత్రానికి ఇంటికి తెస్తాడు. అట్లా చేస్తే మా ఆయనెందుకవుతాడు! ఒడ్డున నిలబడి చూస్తే ఒక దిక్కే కనపడుతుందట. నడిసముద్రంలో నిలబెట్టి నాలుగు దిక్కులా చూపిస్తానని భీష్మించుకున్నాడు. అదేదో ఓడ ఎండాకాలంలోగానీ లేదు. అప్పటిదాకా ఆగుదామన్నాడు. డాక్టరు ఆలస్యం చేయొద్దన్నాడు కదా అంటే, వారం తిరక్కుండానే పోతుందా ఏం చూపు అని నా మీదే లేచాడు. చెవిటివాడి ముందు శంఖం ఊది ఏం లాభం?

అన్నీ నేను దగ్గరుండి చూసుకోవాలనే అనుకున్నాను. మధ్యలో కడపలో మా పుట్టింటి తరఫు పెండ్లి వచ్చింది, ఒక్క రోజు పోయి వచ్చాను. ఆ ఒక్క రోజు చాలింది ఆయనకు. బాల్కనీ ఉన్న గదులున్నాయి, కిటికీ ఉన్న గదులున్నాయి, లోపలి గదులున్నాయి, ఏది కావాలని ఏజెంటు అడిగాడట. ఈయన ఒక్క మాట కూడా తడుముకోకుండా లోపలి గది అన్నాడట. నేను ఇల్లు చేరి చెప్పులు విడవకముందే ఎదురొచ్చి, అక్కకు నడిమింటి లాంటి గది పట్టాను, ఎండ పొడ కూడా తగలదు అని ఛాతీ పొంగించి చెప్పాడు.

ఇది మా వైపు తప్ప ఇంకెక్కడా ఎవరూ చేయని తప్పు. మా రాతి ఇళ్ళలో కిటికీ ఉన్న గది అంటే నిప్పుల కుంపటి. వడగాలి దూరేది అందులోంచే. ఇంటి నడిమధ్య, నాలుగు వైపులా గోడలే తప్ప కిటికీ అనేది లేని గదే అన్నిటికన్నా గొప్పది. బండల మీద చాప పరుచుకుంటే మే నెలలో కూడా కునుకు పడుతుంది. ఆ గది పెద్దవాళ్ళకిస్తారు, కొత్త అల్లుడికిస్తారు, బాలింతకిస్తారు. మా ఆయన తన ప్రాణంలాంటి అక్కకు ఆ గదే ఇచ్చాడు. మర్యాదకేం తక్కువ చేయలేదు మహానుభావుడు. కాకపోతే సముద్రం చూపించడానికి తీసుకుపోతూ కిటికీ లేని గది పట్టాడు. మార్చమని ఏజెంటుకు ఫోన్ చేశాను. మిగతావన్నీ నిండిపోయాయన్నాడు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. ఆయన నా వంతు కూడా కలిపి తిన్నాడు.

అందుకే ఎవరడిగినా మొదట గది సంగతే చెప్తాను. కిటికీ ఉన్నది తీసుకోండి, వీలైతే బాల్కనీ. వాంతుల భయముంటే కింది అంతస్తులో, ఓడ నడిమధ్యలో తీసుకోండి, అక్కడ ఊపు తక్కువ. ముందురోజే చెన్నై చేరండి, ఆధార్ కార్డు జిరాక్సు కాదు అసలుది పెట్టుకోండి, శాలువా మర్చిపోవద్దు, లోపల ఏసీ ఎముకలు కొరుకుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, మందులు చేతిసంచిలో ఉంచుకోండి. పెద్ద పెట్టెలు రేవులోనే తీసుకుంటారు, అవి గదికి ఎప్పుడు చేరతాయో దేవుడికే తెలియాలి. వీళ్ళు అన్నిటికీ తలూపి, మరి ఉప్మా చేసుకోవడానికి స్టవ్వు తీసుకపోవచ్చునా అక్కా అంటారు. అప్పుడు నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

ఎందుకంటే ఆ స్టవ్వు మేమూ తీసుకుపోయాం. నాకు తెలియకుండా. మా వదిన పరాయి చేతి వంట తినదు, పెండ్లిళ్ళలో కూడా అరటిపండుతో సరిపెట్టుకుంటుంది. అందుకని మా ఆయన పెద్ద పెట్టెలో కరెంటు స్టవ్వు, ఎండు జొన్నరొట్టెలు, చెనిగ్గింజల పొడి, గోంగూర ఊరగాయ, నెయ్యి డబ్బా అన్నీ సర్దాడు. రేవులో తనిఖీ దగ్గర యూనిఫారం వేసుకున్న అమ్మాయి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెడుతుంటే వెనక వరసలో వాళ్ళు తొంగి చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటి వంట, స్టవ్వు ఓడలోకి రాకూడదంది ఆ అమ్మాయి. మా ఆయన ఆమెకు మా ఇంటి ఆచారం వివరించబోయాడు. పెట్టె మొత్తం పక్కన పెట్టేశారు.

ఆ పెట్టె అడుగునే వదిన కంటి చుక్కల మందు ఉంది. పూటపూటా వేయాల్సింది. అది తెలిసేసరికి ఓడ ఎక్కేశాం. నేను కౌంటర్ల చుట్టూ తిరిగి, వచ్చీరాని ఇంగ్లీషులో పోట్లాడి, రాత్రి బాగా పొద్దుపోయాక స్టవ్వూ తిండీ తీసేసిన పెట్టె సాధించుకుని వచ్చాను. ఇంత చేస్తే వదిన నా చేతిలో సీసా తీసుకుని పక్కన పెట్టేసింది. ఒక పూట వేయకపోతే ఏమవుతుందిలేమ్మా అంది. మీ అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒక్క అచ్చులో పోసినట్టున్నారు అని విసుక్కున్నాను.

ఇక ఆ గది. దీపం తీస్తే పగలో రాత్రో తెలియదు. స్నానాల గదికి వెళ్ళాలంటే వదిన గోడ పట్టుకుని, మంచం కోడు తడుముకుని నడుస్తోంది. చూశారా మీ నడిమిల్లు ఎట్లుందో అని ఆయన్ని ఉతికి ఆరేశాను. పొద్దున్నే పైకి పోదాం పద వదినా అంటే ఆమె కదలదు. ఎండ తగ్గనీలే అంటుంది. కాసేపాగి అడిగితే కాళ్ళు లాగుతున్నాయంటుంది. ఈ గది శానా బాగుంది, చల్లగా ఉంది అని తమ్ముణ్ణి వెనకేసుకొస్తుంది. విచిత్రం ఏమిటంటే, పరాయి వంట ముట్టని మనిషి నేను తెచ్చిన పెరుగన్నం ఎవరు వండారని కూడా అడగకుండా తినేసింది. మనిషి అంతగా లొంగిపోయిందంటే అంతా ఆ గది మహిమే అనుకున్నాను.

మా ఆయన సంగతి చెప్పనే అక్కర్లేదు. పొద్దున ఫలహారాల దగ్గర అన్ని రకాలూ తినాలని పంతం పట్టాడు. టికెట్టు డబ్బులో కలిసినవి వదలడం వ్యాపారస్తుడి లక్షణం కాదట. తిని, అంగట్లో బేరమెట్లుందో కనుక్కోవాలని ఫోను పైకెత్తి పట్టుకుని ఓడంతా తిరిగాడు. నడిసముద్రంలో సిగ్నలు ఉండదని చెప్తూనే ఉన్నాను. ఆ తిరుగుడుకూ ఆ తిండికీ ఓడ ఊపు తోడై, మధ్యాహ్నానికి గదిలోకొచ్చి వాంతులు చేసుకుని మంచాన పడ్డాడు. ఒక పక్క ఈయన మూలుగు, ఇంకో పక్క ఆమె సాకులు, మధ్యలో నేను. పక్క గదుల వాళ్ళు పాటలూ ఆటలూ అని తిరుగుతున్నారు.

సాయంత్రమైంది. తెల్లారితే ఓడ మళ్ళీ చెన్నైలో ఉంటుంది. ఎనిమిది నెలల ఏర్పాటు, ఇంత రభస, ఆ మనిషి సముద్రం చూడకుండానే దిగిపోతుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. వదిన రెక్క పట్టుకుని లేపాను. నువ్వొస్తావా, ఈడ్చుకుపోవాల్నా అన్నాను. ఆమె ఏమనుకుందో, నా చెయ్యి గట్టిగా పట్టుకుని వెంట వచ్చింది.

పైన గాలి చీర కొంగులు పీకేస్తోంది. జనం అటుపక్క ఈత కొలను దగ్గరున్నారు, ఇటుపక్క ఎవరూ లేరు. ఓడ అంచున కమ్మీ దగ్గర నిలబెట్టాను. వదిన మొహం పైకెత్తి గాలి పీల్చుకుంది. నా ప్రాణం కాస్త కుదుటపడింది. ఎడమ వైపు దూరంగా సామాన్ల ఓడ ఒకటి పోతోంది, కొండంత ఉంది. చూడు వదినా, ఎంత పెద్ద ఓడో అన్నాను. అవునమ్మా, శానా పెద్దది అంది కుడి వైపుకు చూస్తూ. అటు కాదు, ఇటు అన్నాను. ఇటు తిరిగి నా భుజం మీదుగా ఎటో చూసింది.

చెయ్యి ఆమె కంటి ముందు ఆడించాను. రెప్ప కదల్లేదు.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఉగాది నాడు పచ్చడికి వేపపూత ఏరుదామని కూచుంటి. కనపడలే. వెలుతురుండాదని తెలుస్తాది, అంతే."

ఉగాది నుంచి ఆమె వండుతూనే ఉంది, వడ్డిస్తూనే ఉంది. ఒకే ఇంట్లో ఉండి ఇద్దరం కనిపెట్టలేదు. నాకు దుఃఖం కన్నా ముందు కోపమే వచ్చింది. ముందే చెప్పి ఏడవచ్చు కదా, ఇంత దూరం ఈ తిప్పలన్నీ పడి ఎవరి కోసం వచ్చినట్టు అని ఆమె మీద అరిచాను.

"చెప్తే మీరొస్తారా? టికెట్లు వాపసు చేసి అంగట్లో కూచుంటారు. పెండ్లయినప్పట్నుంచి ఇద్దురూ కలిసి యాడికన్నా పోయినారా మీరు? మీరన్నా చూస్తారని వచ్చినా." ఎగిరే కొంగు నడుముకు దోపుకుంది. "వాన్ని ఆ రూము గురించి తిట్టద్దమ్మా. కిటికీ ఉన్నా లేకున్నా నాకొకటే. వానికి చెప్పద్దు. చూపించడానికి ఆలస్యం చేసినానని వాడు బతికినన్ని దినాలూ కుమిలిపోతాడు."

నేను కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఆమె నా మోచేయి తట్టింది.

"ఎట్లుండాదో చెప్పు. వాడు అడిగితే చెప్పల్ల గదా."

పొద్దస్తమానం వాగే నోరు నాది. దానికి దొరికింది ఒకటే మాట. నీళ్ళు వదినా అన్నాను. అది నాకూ తెల్సు అంది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. పొద్దు వాలి నీళ్ళు నల్లబడుతున్నాయి. నల్లరేగడి చేను దుక్కి దున్నినట్టుంది, చాళ్ళు చాళ్ళుగా ఉంది, ఎటు చూసినా గట్టనేది లేదు, చేనంతా కదులుతోంది అని చెప్పాను. రంగు అడిగింది, చెప్పాను. నురగ ఎక్కడ లేస్తోందో అడిగింది, చెప్పాను. పెదాలు కదుపుతూ అన్నీ లోపల్లోపల చెప్పుకుంది.

అంతలో మా ఆయన వచ్చాడు. తలకు తువ్వాలు చుట్టుకుని, గోడ పట్టుకుని, పీక్కుపోయిన మొహంతో. వచ్చి అక్క పక్కన నిలబడి, భయంభయంగా అడిగాడు.

"అక్కా, కనపడతాండాదా?"

"కనపడకేమప్పా." ఆమె నీళ్ళ వైపు చెయ్యి చాపింది. ఈసారి చెయ్యి సరైన దిక్కుకే పోయింది. "దున్నిన రేగడి చేను మాదిరి ఉండాది. యాడా గట్టు లేదు. చూడు, ఎట్ల కదుల్తాండాదో."

ఆయన తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. చాలాసేపు ఏడ్చాడు. తర్వాత ముక్కు చీదుకుని, గెలిచినవాడిలా నా వైపు తిరిగాడు.

"చూసినావా? కిటికీ కిటికీ అని నన్ను తినేస్తివి. కిటికీ లేకున్నా మా అక్క సముద్రం చూసింది."

వదిన వేళ్ళు నా మణికట్టు మీద బిగుసుకున్నాయి. ఆయన మాటకు నేను ఎదురు చెప్పకపోవడం మా కాపురంలో అదే మొదటిసారి.