రక్షణ పొందిన తేదీ

జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్ళే పల్లెవెలుగు బస్సులో ముగ్గురి సీటు అని ఒకటి ఉంటుంది. దాన్ని కొలిచినవాడు అన్నం తినకముందు కొలిచి ఉంటాడు. ఇద్దరు హాయిగా కూర్చుంటారు. మూడోవాడు ఒక తొడ సీటు మీద పెట్టి, రెండోదాన్ని దారిలోకి వేలాడేసి, కండక్టరు అటూ ఇటూ తిరిగినప్పుడల్లా లేచి కూర్చోవాలి. పదిహేనేళ్ళుగా ఆ మూడోవాణ్ణి నేను. దీని గురించి ఒక అర్జీ కూడా పెట్టాను. అర్జీలు రాయడం నా పని కాబట్టి బాగానే రాశాను. జవాబు రాలేదు.

నందిగామ కోర్టులో ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తాని. బి.ఏ. చదివాను, కానీ ఆ విషయం ఇప్పుడు నాకూ మా ఆవిడకూ తప్ప ఎవరికీ గుర్తు లేదు, మా ఆవిడకు కూడా అవసరమైనప్పుడే గుర్తొస్తుంది. ఈ ఉద్యోగం నాకు నేర్పిన విద్య ఒకటే. కాగితంలో ఏ గడీ ఖాళీ వదలకూడదు. ఖాళీ ఉంటే అది తిరిగొస్తుంది. వయసు తెలియకపోతే 'సుమారు' అని రాస్తాం, తండ్రి పేరు తెలియకపోతే 'తెలియదు' అని రాస్తాం. ఖాళీ మాత్రం వదలం.

వారంలో ఆరు రోజులు ఎక్కే ఆ బస్సును ఏడో రోజు కూడా ఎక్కవలసి వచ్చింది పోయినేడాది. నందిగామలో ఆదివారం మధ్యాహ్నాలు క్రైస్తవ వేదాంత తరగతులు పెట్టారు. ఆరు నెలల చదువు, నాలుగు విషయాలు: మనిషి, పాపం, ప్రాయశ్చిత్తం, రక్షణ. పేటలోని మా చిన్న సంఘం నుంచి ఇద్దరిని పంపాలన్నారు. ప్రసంగం మధ్యలో వాచీ చూసుకునేవాడికి చదువే మందని మా పాస్టరు గారి నమ్మకం. అలా నేను ఎంపికయ్యాను.

రెండో మనిషి మా అత్తయ్య. అత్తయ్య అంటే రక్తసంబంధం కాదు, మా ఇంటికి మూడో ఇల్లు. ముప్పై ఏళ్ళు అంగన్‌వాడీలో పనిచేసి రిటైరైంది. వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా పాస్టరు గారికంటే ముందు ఈవిడ వెళ్ళి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. ఆ తర్వాత జావ కాచిచ్చేది. మా సంఘంలో స్త్రీల కూటం నడిపే ఆవిడ కూతురి దగ్గరికని ఖమ్మం వెళ్ళిపోయింది. ఆ పని అత్తయ్యకు అప్పజెప్పాలని, దానికి ముందు నాలుగు ముక్కలు చదివించాలని పాస్టరు గారి ఆలోచన.

మొదటి రోజే ఒక ఫారం ఇచ్చారు. పేరు, చదువు, బాప్తిస్మం తీసుకున్న తేదీ. ఇంతవరకూ ఇబ్బంది లేదు. నా బాప్తిస్మం పంతొమ్మిదో ఏట పాలేటిలో జరిగింది. స్నేహితులు ఆరుగురు తీసుకుంటుంటే నేనొక్కణ్ణే గట్టు మీద నిలబడటం బాగోదని ఏడోవాణ్ణయ్యాను. దాని కింద గడీలో 'రక్షణ పొందిన తేదీ' అని ఉంది.

అక్కడ కలం ఆగింది. తాత కాలం నుంచి మాది క్రైస్తవ కుటుంబం. నేను పుట్టేసరికే గోడకు వాక్యాల క్యాలెండరు వేలాడుతోంది. ఎప్పుడు నమ్మావని అడిగితే, తెలుగు ఏ తేదీన నేర్చుకున్నావని అడిగినట్టుంటుంది. వేరే దారిలో వచ్చినవాళ్ళకు తేదీ ఉంటుంది. తాగుడు మానిన రోజో, ఆస్పత్రి నుంచి బతికి బయటపడ్డ రోజో. నాకు అంత ఘనమైన గతం లేదు.

'తెలియదు' అని రాసి ఉండొచ్చు. రోజుకు పది కాగితాల మీద రాసే మాటే. కానీ ఆ గడీలో ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. ఆ వారమంతా ఒక పొలం దావా పాత కాగితాలు తిరగేస్తున్నాను. అందులోని ఒక వాయిదా తేదీ నాలుక చివర ఉంది. ఏడెనిమిదేళ్ళ కిందటి ఏప్రిల్ నెల. అది రాసేశాను. అక్షరాలు కూడా గుండ్రంగా వచ్చాయి.

పక్కన అత్తయ్య నా దగ్గర కలం తీసుకుని, ఆ గడీ దగ్గర చాలాసేపు ఆగి, కలం మూతపెట్టి తిరిగిచ్చింది. ఆవిడ ఖాళీ వదిలేసింది.

పాఠం చెప్పే మాస్టారు రెడ్డిగూడెం వైపు నుంచి వచ్చే రిటైర్డ్ హెడ్మాస్టరు. మేం పద్దెనిమిది మందిమి. గది చిన్నది. అయినా మైకు ఉంది. మా సంఘాల్లో మైకు లేకుండా ఏదీ జరగదు. దేవుడు కాస్త దూరంలో ఉన్నాడనే లెక్క మీద నడుస్తాం.

మనిషి గురించి మూడు వారాలు విన్నాం. మనిషిలో ఒకవంక మన్ను, ఇంకోవంక దేవుని స్వరూపం. మన్ను సంగతి పేటవాళ్ళకు ఎక్కువ చెప్పక్కర్లేదు. సిమెంటు లారీల పుణ్యమా అని సాయంత్రానికి అందరం ఇంచుమించు ఆ స్థితికే వస్తాం. స్వరూపం దగ్గరే నమ్మకం కుదరడానికి టైం పట్టింది. నేను మనుషుల్ని చూసేది ఎక్కువగా కోర్టు వరండాలో.

పాపం ఆరు వారాలు నడిచింది. క్లాసు ఎవరూ ఎగ్గొట్టలేదు. ఉదాహరణలు అడిగితే అందరూ పక్కింటివాళ్ళవి చెప్పారు. చేయకూడనిది చేయడం పాపం, చేయాల్సింది చేయకపోవడమూ పాపమేనని మాస్టారు బోర్డు మీద రాస్తే, నేను స్కేలు పెట్టి రెండు గళ్ళు గీసుకుని రాసుకున్నాను. నా నోట్సు ముగ్గురు తీసుకెళ్ళి జిరాక్సు చేయించుకున్నారు. పరీక్షలో పాపంలో క్లాసు ఫస్టు నేనే.

ప్రాయశ్చిత్తం దగ్గర మాస్టారు జామీను ఉదాహరణ చెప్పారు. ఒకడు తప్పు చేస్తే ఇంకొకడు వచ్చి వాడి కోసం నిలబడటం. ఉండబట్టలేక చెయ్యెత్తి, జామీనుదారు పూచీ ఉంటాడే కానీ శిక్ష అనుభవించడండీ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, అందుకే నాయనా దీన్ని సువార్త అన్నారు, మీ కోర్టులో జరిగేదైతే వార్త అనేవాళ్ళు అన్నారు. మిగతా పదిహేడు మందీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రాత్రి మళ్ళీ గుర్తొచ్చినప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

చివరిది రక్షణ. అది ఉచితం, కృప వల్ల వచ్చేది, మన గొప్పతనం వల్ల కాదు అని మాస్టారు చెబుతుంటే అత్తయ్య లేచి, మా ఆడవాళ్ళ బస్సు టికెట్టు లాగానా అండీ అని అడిగింది. ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు ఇస్తారు, పైసా అడగరు, కానీ ఆ టికెట్టు చేత్తో తీసుకోవాలి, తీసుకోకుండా కూర్చుంటే చెకింగ్ వాళ్ళు ఊరుకోరు అంది. మాస్టారు నలభై ఏళ్ళ సర్వీసులో ఇంత మంచి ఉదాహరణ వినలేదన్నారు. అత్తయ్య సిగ్గుపడి కూర్చుంది. ఆరు నెలల్లో ఆవిడ అంత సంతోషంగా ఉండటం నేను చూసింది ఆ పావుగంటే.

ఎందుకంటే ఆ తర్వాత సాక్ష్యాలు మొదలుపెట్టారు. ఎవరు ఎప్పుడు ఎలా మారారో లేచి చెప్పడం మా దగ్గర ఆనవాయితీ. మాస్టారు మొదటి రోజు ఫారాలు బయటికి తీశారు. నా చేతిరాత బాగుంటుంది. అందుకని పైన నాది పెట్టారు.

తేదీ చదివి మైకు చేతికిచ్చారు. చెప్పాను. ప్లీడరు గారి ఫైలు పట్టుకుని బెజవాడ వెళ్తుంటే కీసర దగ్గర మునేరు వంతెన మీద బస్సు ఆగిపోయిందన్నాను. జోరున వాన అన్నాను. కింద నీళ్ళు చూస్తుంటే నా బతుకంతా కళ్ళ ముందు తిరిగిందన్నాను. ఏప్రిల్ నెలలో మునేటిలో ఇసుక తప్ప ఏముంటుందని ఎవరూ అడగలేదు. వత్సవాయి నుంచి వచ్చే పత్తి రైతు ఒకాయన మాత్రం తలెత్తి చూశాడు. ఆయనకు వానల సంగతి తెలుసు. కానీ ఆయన మర్యాదస్తుడు. ఆమెన్ అన్నాడు. మిగతావాళ్ళు ఇంకొంచెం గట్టిగా అన్నారు. సర్టిఫికెట్లిచ్చే సభలో ఇదే సాక్ష్యం మళ్ళీ చెప్పాలని మాస్టారు అక్కడికక్కడే నిర్ణయించారు.

అత్తయ్య వంతు వచ్చింది. మైకు పట్టుకుని, నాది ఖాళీగా ఉందండీ అని కూర్చుంది. మాస్టారు మంచాయన. ఫర్లేదమ్మా, ఆలోచించు, గుర్తొస్తుంది అన్నారు.

తిరుగు బస్సులో ఆవిడ చేతిలోని టికెట్టు నాకు చూపించింది.

"చూడు అబ్బాయ్. సున్నా టికెట్టే. అయినా దీని మీద కూడా తేదీ వేసిచ్చారు."

నేను చూశాను. తేదీతో పాటు టైము కూడా ఉంది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆ వాన గురించి అడిగేది. అప్పుడు ఏమనిపించింది, ఎట్టా తెలిసింది, ఒళ్ళు జలదరించిందా. నేను జవాబులు చెప్పాను. ఒకసారి మొదలుపెట్టాక కథకు తన ఆకలి తనకుంటుంది. మూడో వారానికి ఆ వానలో పిడుగు కూడా పడింది. ఆవిడ శుక్రవారాలు ఉపవాసం మొదలుపెట్టింది. స్త్రీల కూటం ఇంకెవరికైనా ఇవ్వండి, నా సంగతే నాకు తేలలేదు, నేనొకరికి చెప్పడమేంటని పాస్టరు గారితో అందట. ఆయన నన్ను పిలిచి, కాస్త ధైర్యం చెప్పు, నీ సాక్ష్యమంటే ఆవిడకు గురి అన్నారు. అలాగేనండీ అన్నాను.

చెప్పేద్దామని రెండు మూడుసార్లు అనుకున్న మాట నిజం. కోర్టు అలవాటు కొద్దీ నా కేసును నేనే వాయిదా వేసుకున్నాను. ఇరుపక్షాలూ నేనే కాబట్టి అభ్యంతరం చెప్పేవాళ్ళు లేకపోయారు.

మా సంఘంలో నెలకొక ఆదివారం, యేసు చివరి భోజనానికి గుర్తుగా, బల్ల ఆచరిస్తాం. రొట్టె, ద్రాక్షరసం పళ్ళెంలో వరసన వస్తాయి. మనసులో ఎవరి మీదైనా పగ ఉన్నవాడు, తాను తగనని అనుకున్నవాడు తీసుకోకుండా పక్కకు అందిస్తాడు. అందించినవాళ్ళను ఎవరూ ఏమీ అనరు. అందరూ చూస్తారు, అంతే. సర్టిఫికెట్ల సభకు వారం ముందు వచ్చిన బల్ల ఆదివారం, మగవాళ్ళ వైపు నుంచి నేను చూస్తుండగా, పళ్ళెం అత్తయ్య దగ్గరికి వచ్చింది. ఆవిడ దాన్ని రెండు చేతులతో అందుకుని, ముట్టుకోకుండా, పక్కావిడకు ఇచ్చింది. నాకు తెలిసి ఆవిడ బల్ల వదిలెయ్యడం అదే మొదలు. ఆవిడ భర్త చనిపోయిన నెలలో కూడా తెల్లచీరతో వచ్చి తీసుకుంది.

తర్వాతి పళ్ళెం మా వరసలోకి వచ్చింది. నేను తీసుకున్నాను. నా పక్కన కూర్చున్నవాడు చూస్తున్నాడు మరి.

ఆ మధ్యాహ్నం బస్సులో కిటికీ దగ్గర అత్తయ్య, మధ్యలో నేను, దారి వైపు జామకాయల సంచి పెట్టుకున్న ఒకాయన. జీవితంలో మొదటిసారి నాకు సీటు మీద రెండు తొడలకూ చోటు దొరికింది. అది కూడా ఇబ్బందిగానే ఉంది. చిల్లకల్లు దాటి బస్సు హైవే ఎక్కాక, జామకాయలాయనకు వినపడకుండా, ఆవిడ చెవి దగ్గరికి వంగి చెప్పాను. తేదీ వాయిదా తేదీ అని. వంతెన లేదని. ఫారంలో ఖాళీ ఉంచలేక రాశానని.

ఆవిడ కిటికీలోంచి చూస్తూనే ఉంది. పక్కన పత్తి లారీ ఒకటి చాలాసేపు మాతోపాటు నడిచి వెనకబడింది.

"వాన?"

"వాన కూడా లేదత్తయ్యా."

"పిడుగు?"

అదీ నేను కల్పించిందేనన్నాను.

"అయితే నీకూ తేదీ లేదు."

"లేదు. నీకులాగే నాకూ. చిన్నప్పటి నుంచీ ఉన్నదే."

ఆవిడ చేతిలోని టికెట్టును నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ విప్పి, మోకాలి మీద పెట్టుకుని అరచేత్తో సాపు చేసింది.

"పొద్దున బల్ల ఊరికే వదిలేసుకున్నానన్నమాట."

క్షమించమని అడిగాను. అది కూడా చెవిలోనే. వచ్చే ఆదివారం సభ అయిపోతే ఈ గొడవే ఉండదని, ఆవిడ మనసులో బరువు పెట్టుకోవద్దని, ఫారంలో గడీకి ఏముందని, ఇంకా ఏవేవో చెప్పాను. అంబారుపేట దగ్గర ఎవరో దిగారు. ఆవిడ అప్పుడు నా వైపు తిరిగింది. గొంతు తగ్గించాలన్న ఆలోచన ఆవిడకు రాలేదు. జామకాయలాయన మా వైపు చూశాడు.

"అబద్ధమేమో మైకులో చెప్పావు. నిజమేమో నా చెవిలో చెప్తున్నావేందిరా."