మారుపలుకు వెలగెను

మా ఊరికి రావాలంటే ఏరు దాటాలి. దాటే ముందు అవతలి గట్టున నిలబడి "ఆంబ్రోన్!" అని గొంతెత్తి అరవాలి. అది మా తాతముత్తాతల పేరు, ఈ కొండల్లో ఉన్న మా వాళ్ళందరి పేరు. ఇవతలి బండ మీది నుంచి అదే మాట తిరిగి వస్తే వచ్చినవాడు చుట్టం. ఇక అతని మీద ఎవరూ చెయ్యెత్తకూడదు. తిరిగి రాకపోతే వచ్చిన దారినే వెళ్ళిపోవాలి. అలా జవాబిచ్చే పని ఊళ్ళో ఒక్కడిదే. అతన్ని మారుపలుకు అంటాం. మా మారుపలుకు పేరు వెలగెను.

వాళ్ళమ్మ వాణ్ణి చేలో రాళ్ళు పెకలిస్తూ కన్నది. గడ్డపార పక్కన పెట్టి, కని, ఆకుల్లో చుట్టి పడుకోబెట్టి మళ్ళీ గడ్డపార అందుకుంది. మా ఆడవాళ్ళకు అది వింతేమీ కాదు. పక్క పొలం చెక్కలో నేనూ తవ్వుతున్నాను. వాడు పెట్టిన మొదటి కేకకు ఎదురు కొండ మీద మేకలు మేత మానేసి చూశాయి.

"విన్నావా వదినా, అప్పుడే వాళ్ళ నాన్న పని మొదలెట్టాడు!" అని నవ్వింది వాళ్ళమ్మ.

తండ్రి పోయాక బండ వాడిదే అయింది. పొగమంచు పొద్దుల్లో లోయ అంతా పాలు పోసినట్టు నిండిపోయి ఏరు, చెట్లు, అవతలి మనిషి ఏవీ కనిపించవు. కింద నుంచి సన్నగా ఒక పిలుపు. పై నుంచి వెలగెను జవాబు. ఆ మాట కొండకొండనూ తట్టి, ఎక్కడెక్కడో తిరిగి, చాలాసేపటికి మెత్తబడి మా గుమ్మాల్లోకి వచ్చేది. మజ్జిగ చిలికే పిల్లలు కవ్వం ఆపి వినేవాళ్ళు. చనిపోయినవాళ్ళు కూడా ఎక్కడో ఉండి పలుకుతున్నారేమో అనిపించేది నాకు.

అంతలో యుద్ధం వచ్చింది. ఉత్తరాన సముద్రం తమ నేలను మింగేసిందని, బళ్ళనే ఇళ్ళు చేసుకుని, ముసలీ ముతకతో సహా జాతులకు జాతులే దక్షిణానికి దిగి వస్తున్నాయని విన్నాం. అడ్డం వెళ్ళిన రోము సేనలు మట్టి కరిచాయట. రోము పంపిన కొత్త సేనాని మా కొండల్లోని మగవాళ్ళను కూడా రమ్మన్నాడు. వెలగెను వడిసెల నడుముకు చుట్టుకుని వెళ్ళాడు.

ఆకులు రాలే రోజుల్లో తిరిగి వచ్చాడు. ఒంటి మీద గాయం లేదు. కానీ బండ ఎక్కడు. మేకలను కూడా నోటితో పిలవడు, ఈలతో సరిపెడతాడు. ఊళ్ళో తలా ఒక మాట. నాకేమో సంగతి తెలిసేదాకా తిన్నది ఒంటబట్టదు. వాడు పాలు పితుకుతుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఏరా, గొంతు పోయిందా?"

"పోలేదత్తా."

"మరి నోట్లో ఏం పెట్టుకున్నావు, తేనెపట్టా?"

వాడు నవ్వలేదు. "వేడినీళ్ళ ఊటల దగ్గర ఆ ఉత్తరాదోళ్ళు ఏరు దాటబోతా మా మీదకొచ్చారు. డాళ్ళు వాయించుకుంటా, ఎగురుకుంటా, అందరూ ఒక్కటే మాట అరుస్తా. ఏ మాటో తెలుసా?"

"తెలిస్తే నిన్నెందుకు అడుగుతా?"

"ఆంబ్రోన్."

నా చెయ్యి నోటికి పోయింది. "మన మాటా?"

"వాళ్ళ పేరూ అదేనంట. ఎప్పటి చుట్టరికమో ఏమో! ఏటవతల నుంచి ఆ మాటొచ్చింది. నా నోరు నన్నడగలేదత్తా. పలికేశా. నా వెనక మనోళ్ళంతా పలికారు. వాళ్ళింకా గట్టిగా అరిచారు, మేమూ అంతే." పాలచెంబు కేసి చూస్తూ ఆగాడు. "చుట్టమని పలికి, వెంటనే వడిసెల తిప్పా."

నేనే చెంబు తీసుకుని మిగిలిన పాలు పితికాను.

ఆ చలికాలమంతా బండ మీద నాచు పెరిగింది. ఉప్పు తెచ్చేవాడు గట్టున నిలబడి అరిచి అరిచి బరువుతోనే వెనక్కి వెళ్ళిపోయాడు. ఊరు చప్పిడి గంజి తాగింది. ఇంకొకరిని పెడదామంటే, మారుపలుకు బతికుండగా బండ ఇంకొకరు ఎక్కకూడదు.

మంచు కరిగే రోజుల్లో ఒక పొద్దున ఏటి దగ్గర ఉన్ని ఉతుకుతున్నాం. మంచుపొగలో అవతలి గట్టు లేనట్టే ఉంది. అక్కడి నుంచి ఒక ఆడగొంతు అరిచింది. "ఆంబ్రోన్!"

మా యాస కాదు. మాట మాత్రం మాదే. పొగ కాస్త పలచబడితే కనిపించింది. చిరిగిన కంబళి, ఎండుగడ్డి రంగు జుట్టు, మెడలో తాడు ముక్క. ఆ యుద్ధంలో ఓడిపోయిన ఉత్తరాదివాళ్ళ ఆడపడుచు, ఎవరి దగ్గర నుంచో తప్పించుకున్నది. మా ఆచారం ఆమెకేం తెలుసు? తనవాళ్ళు ఎవరైనా మిగిలారేమోనని తమ పేరు పెట్టి పిలుస్తోంది. ఆమె వెనక ఎక్కడో కుక్కలు మొరిగాయి.

అందరం వెలగెను వైపు చూశాం. మేకల మధ్య రాయిలా నిలబడి ఉన్నాడు.

"పలక్కురా!" అన్నాడు ముసలి ఎనిసెలు. "దాన్ని దాచామని రోము వాళ్ళకి తెలిస్తే కొంప తగలెడతారు."

"నీకున్నది కొంప కాదు, మేకల దొడ్డి. తగలబడితే ఊరికి కంపు వదులుద్ది," అన్నాను.

ఆమె మళ్ళీ అరిచింది. ఈసారి గొంతు సగంలో తెగిపోయింది.

వెలగెను మేకలను తప్పించుకుని బండ ఎక్కాడు. నాచు మీద కాలు జారింది, చేత్తో పట్టుకున్నాడు. నోరు తెరిస్తే ముందు గాలే వచ్చింది. తర్వాత ఆ మాట వచ్చింది, పగిలిపోయి, గరగరమంటూ, పాత గొంతు ఏ మాత్రం కాదు. అయినా లోయ దాన్ని అందుకుంది. ఒక కొండ పలికింది, ఇంకొకటి పలికింది. ఆ పిల్ల నలువైపులా చూసింది, చుట్టూ తనవాళ్ళే ఉన్నట్టు. చూస్తూనే నీళ్ళలోకి దిగింది.

నేను ఆమె మెడలో తాడు తీసి ఉన్నిబుట్టలో పడేసేసరికి బానిసల వ్యాపారి కుక్కలతో, బల్లేలు పట్టిన మనుషులతో ఏరు దాటి వచ్చాడు. అరవనూ లేదు, ఆగనూ లేదు.

"అవ్వా, అది నా సరుకు."

"ఏది నాయనా, ఈ ఉన్నేనా?"

"ఆ పిల్ల!"

"మా పిల్లే. వెలగెను ఇంటి మనిషి."

"మీ కొండల్లో ఆ జుట్టెక్కడిది?"

"ఆకాశానికి దగ్గరగా ఉంటాం కదా, ఎండకి రంగు పోయింది."

వ్యాపారికి కోపం వచ్చింది. తన మనిషిని పిలిచి, "దాని భాషలోనే అడుగు, ఏ జాతిదో దాని నోటితోనే చెప్పించు," అన్నాడు. వాడు అడిగాడు. ఆ పిల్ల తల పైకెత్తింది.

"ఆంబ్రోన్."

"విన్నారా?" వ్యాపారి తొడ చరిచాడు. "తనే ఒప్పుకుంది!"

నాకు నవ్వు ఆగలేదు. ఉతికే ఆడవాళ్ళందరూ పగలబడి నవ్వారు.

"మా అందరి పేరూ అదేనయ్యా. ఇక్కడ ఎవర్నైనా అడుక్కో."

"నువ్వెవరు?" అని ఎనిసెలు మీదికి వెళ్ళాడు వ్యాపారి. ముసలాడు ఒకసారి నా వంక చూసి, గొంతు సవరించుకుని, "ఆంబ్రోన్," అన్నాడు. ఆ పక్కావిడ అంది. ఆమె కోడలు అంది. బండ మీది నుంచి వెలగెను అన్నాడు. రోము తరఫున పోరాడిన ఊరు ఇది, కత్తి దూయడానికి వాడికి వీల్లేదు. కుక్కలను తిట్టుకుంటూ వచ్చినదారి పట్టాడు.

ఆ పిల్ల పేరు ఔదా. వెలగెను తన ఇల్లు ఆమెకు వదిలేసి తను దొడ్డిలో పడుకున్నాడు. బార్లీ కోతల నాటికి ఆమెకు మా మాటలు కాసిని వచ్చాయి. వెలగెను అడగలేని సంగతి నాకు తెలుసు. ఒక మధ్యాహ్నం ఇద్దరూ ఉండగా నేనే అడిగాను.

"ఆ యుద్ధం రోజు నువ్వెక్కడున్నావే?"

"బండి మీద, అమ్మతో. ఏటవతల నుంచి మా పేరు వినపడింది. అమ్మ లేచి నిలబడింది. మనవాళ్ళు వచ్చేశారు అంది. చెయ్యి ఊపింది."

వెలగెను కుడుతున్న తోలు ఒళ్ళో పడిపోయింది.

"పలికింది నేనే," అన్నాడు. "తర్వాత రాయి విసిరిందీ నేనే. ఎవరికి తగిలిందో తెలీదు."

ఔదా పొయ్యిలో కట్టె ఎగదోసింది. వాణ్ణి వెళ్ళిపొమ్మంటుందో, తనే లేచి వెళ్ళిపోతుందో అనుకున్నాను. గంజి ముంత వాడి ముందుకు జరిపింది.

"మీ అమ్మ పేరేంటి?" అని వాడు మెల్లిగా అడిగాడు.

చెప్పింది. మా నోళ్ళకు తిరిగే పేరు కాదు అది. వాడు అనబోయి తప్పు పలికాడు. ఆమె తల అడ్డంగా ఊపి మళ్ళీ చెప్పింది. మళ్ళీ తప్పాడు. గంజి చల్లారిపోతోంది. సరిగ్గా వచ్చేదాకా ఆమె వదిలేలా లేదు.