పోయేటప్పుడు కుడి, వచ్చేటప్పుడు ఎడమ

మా అక్క ఆ రోజు విమానంలో నిజంగా నిద్రపోయిందా? అడిగే ధైర్యం అప్పుడు లేదు. అడుగుదామంటే ఇప్పుడు అక్క లేదు.

మా బావ విమానం టిక్కెట్లు అమ్మే కొట్లో గుమాస్తా. ఆ వీధిలో అందరూ 'కిటికీ గుమాస్తా' అనేవాళ్లు. టిక్కెట్టు ఎవరైనా ఇస్తారు, దూరప్రయాణానికి సీటు మాత్రం ఆయనే చెప్పాలి.

"రెక్క మీద కూర్చుంటే రేకు తప్ప ఏమీ కనిపించదండీ. కాస్త ముందుకు రండి. పోయేటప్పుడు కుడి, వచ్చేటప్పుడు ఎడమ. ఎండ అవతలివైపు ఉంటుంది, కళ్లలో కొట్టదు, మంచుకొండల మీద పడుతుంది. ఈ వరస మాత్రం వద్దు, కిటికీ ఉండాల్సిన చోట ఒట్టి గోడ!"

ఇంతా చెప్పి, తిరిగొచ్చాక ఏం చూశారో చెప్పిపొమ్మనేవాడు. చాలామంది వచ్చి చెప్పేవాళ్లు. కొందరు చూడకపోయినా కల్పించి చెప్పేవాళ్లని నా అనుమానం. తను మాత్రం విమానం ఎక్కి ఎరగడు.

"వండేవాడికి ఆకలుండదట. మీరూ అంతేనా బావా?" అని ఉడికించేదాన్ని.

"ఎక్కుతానులే. ఎక్కిన రోజు నిన్ను మాత్రం ఆ గోడ పక్కనే కూర్చోబెడతా."

ఇంట్లో భోజనాల దగ్గరా ఆ కొండలే. ఎవరో డాక్టరుగారికి అవి ఎలా ఎర్రబడ్డాయో, ఏ ముసలావిడ కిందనున్న నదిని చూసి దారమనుకుందో. అక్క వడ్డిస్తూ వినేది. ఒకసారి గరిటె ఠక్కున పెట్టి, "మన వంటింటి కిటికీలోంచి ఏం కనిపిస్తుందో ఈయన్ని చెప్పమనవే" అంది నాతో.

బావ నవ్వేశాడు. "ఏముంది, పక్కింటి గోడ."

"ఆ గోడకి బీట ఎక్కడుందో చెప్పమను."

బావ తలొంచుకుని తిన్నాడు.

కొట్టు శాశ్వతంగా మూసేస్తూ యజమాని వాళ్లిద్దరికీ రానూపోనూ టిక్కెట్లిచ్చాడు. పదిరోజుల విహారయాత్ర. నా ఖర్చుతో నేనూ బయల్దేరాను. బావ కొత్త కళ్లజోడు చేయించుకున్నాడు. ఎంతో ఆలోచించి సీట్లు తీసుకున్నాడు. కిటికీ తనకి, మధ్యది అక్కకి, నడవ పక్కది నాకు. నీకేది కావాలని అక్కని అడగలేదు. కౌంటరు దగ్గరికొచ్చిన వాళ్లని అడగడమే ఆయనకి అలవాటు, అక్క ఏనాడూ ఆ కౌంటరు దగ్గరికి వెళ్లలేదు.

విమానంలో అక్క ముందు నడిచి, నేరుగా కిటికీ దగ్గర కూర్చుంది.

"అది... నాది" అన్నాడు బావ మెల్లగా.

"ఊరందరికీ కిటికీలు పంచారు. కట్టుకున్నదానికి ఇవ్వడానికి చేతులు రావడం లేదా?"

"అది కాదే, కొండలు..."

"వచ్చినప్పుడు లేపండి."

బావ మధ్యలో కూర్చున్నాడు. విమానం మబ్బులు దాటగానే అక్క కిటికీ తెర కిందికి లాగేసి, దానికి తల ఆనించి కళ్లు మూసుకుంది.

కొండలొచ్చే వేళ బావకి తెలుసు. కళ్లజోడు తుడుచుకున్నాడు. "ఏమే" అన్నాడు. పలకలేదు. భుజం తట్టాడు. ఉలకలేదు. ముందు వరసలో ఎవరో "అబ్బ! అటు చూడు, అటు చూడు" అంటున్నారు. మా తెర అంచున సన్నగా ఒక వెలుతురు గీత. బావ చెయ్యి చాచాడు. అక్క మొహం మీదుగా పోవాల్సి వచ్చేసరికి వెనక్కి తీసుకున్నాడు.

"తియ్యండి బావా, నేను సర్దిచెప్తాలే" అన్నాను.

"నిద్ర చెడుతుంది" అన్నాడు.

అప్పుడు అక్క రెప్పలు కదిలాయి. కదిలాయనే అనుకుంటున్నాను.

దిగాక అక్క కొంగు సర్దుకుంటూ, "కొండలు వెళ్లిపోయాయా? లేపమన్నానుగా!" అంది. బావ సామాన్లు వచ్చే చోట తన సంచి ఒక్కటే తీసుకుని, ఎదురుగా ఉన్న టిక్కెట్ల కౌంటరు దగ్గరికి నడిచాడు. పెట్టె మరిచిపోయాడని చెబుదామని వెనకాలే వెళ్లాను.

"తిరుగు టిక్కెట్టు రేపు పొద్దుటికి మార్చండి" అంటున్నాడు. "రెక్కకి ముందు. ఎడమవైపు. కిటికీ."

"ఎన్ని సీట్లండీ?"

"ఒక్కటే."

అవతల అక్క సామాన్ల బండి పట్టుకుని ఆయన కోసమే చూస్తోంది. బావ సంచి భుజానికి తగిలించుకుని నా పక్కనుంచే నడిచి, విమానాలెక్కే పై అంతస్తుకి మెట్లెక్కాడు. పక్కవీధికి పోయినా గుమ్మంలో నిలబడి చెప్పే మనిషి, ఆ రోజు వెళ్లొస్తాననలేదు.